జైలంటే భయం ఎవరికి? తాళాలు వేసినవాడి జవాబు

రాజాం దగ్గర పల్లెటూరి నుంచి ఒకాయన అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల వీధిలో 19 ఏళ్ల కుర్రాడు రెండు బళ్లు ఎత్తుకుపోయి దొరికాడు. నెలన్నర రిమాండ్‌లో ఉండి బెయిల్ మీద వచ్చి, ఇప్పుడు అదే టీ కొట్టు దగ్గర కాలు మీద కాలేసుకుని కూర్చుంటున్నాడట. "జైలంటే అసలు ఎవరికైనా భయం ఉందా? గల్ఫ్‌లోలాగా శిక్షలు గట్టిగా పెడితే దారికి రారా?" అని ఆయన అడుగుతున్నారు. తన బండికి కూడా అదే గతి పడుతుందేమో అని ఇంకో టెన్షన్.

నేను 1987లో జైళ్ల శాఖలో వార్డర్‌గా చేరి, చీఫ్ హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. సబ్ జైళ్లు, జిల్లా జైలు, సెంట్రల్ జైలు మూడూ చూశాను, సర్వీసులో ఎక్కువ భాగం మన శ్రీకాకుళం, విజయనగరం వైపే గడిచింది. రిటైరయ్యాక ఖాళీ ఎక్కువై ఈ విషయం మీద కొంత చదివాను కూడా, అదీ మధ్యలో వస్తుంది. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపిక ఉంటే చదవండి.

మీరు రెండు ప్రశ్నలు కలిపేశారు. జైలు ఉందని జనం నేరాలు మానుకుంటున్నారా అనేది ఒకటి. జైలుకి వెళ్లొచ్చినవాడు మళ్లీ చేయకుండా ఉంటాడా అనేది రెండోది. మొదటిదానికి నా జవాబు, కొంతవరకు అవును. రెండోదానికి, నేను చూసినంతలో చాలావరకు కాదు. జైలు భయం గోడ బయట నిలబడ్డవాడికి ఉంటుంది. లోపలికొచ్చి నాలుగు రాత్రులు పడుకుని లేచినవాడికి సగం పోతుంది.

కొత్తవాడు గేటు దగ్గరికి వచ్చే వేళ సాధారణంగా సాయంత్రం, కోర్టు పని అయ్యాక. ఎస్కార్ట్ కానిస్టేబుల్ వారెంటు చేతిలో పెడతాడు. పేరు, తండ్రి పేరు, ఊరు రాసుకుంటాం, ఒంటి మీద పుట్టుమచ్చలు చూసి రాసుకుంటాం, జేబులో డబ్బు లెక్కపెట్టి రిజిస్టర్‌లో ఎక్కిస్తాం, బెల్టు, ఉంగరం, మొలతాడు తీయిస్తాం. అప్పటిదాకా కాస్త ధైర్యంగా నిలబడ్డవాడికి కూడా మొలతాడు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వణుకుతుంది. మన వైపు అది మగాడి ఒంటి మీద నుంచి ఎప్పుడు తీస్తారో మీకు చెప్పక్కర్లేదు. ఒక కుర్రాడైతే "మాయమ్మ కట్టింది బావు, ఇదొక్కటీ ఒగ్గేయండి" అని కాళ్ల మీద పడబోయాడు. ఉరేసుకుంటారేమో అని పెట్టిన నియమం అది, ఒగ్గేయడానికి లేదు. కత్తెర నేనే పెట్టాను.

ఆ రాత్రి అతను నిద్రపోలేదు. బ్యారక్‌లో లైటు తెల్లవార్లూ వెలుగుతుంది, పక్కవాడి మోచెయ్యి తగులుతూ ఉంటుంది, మరుగుదొడ్డి వాసన. రెండో రోజు అన్నం ముట్టలేదు. మూడో రోజు పక్కవాడితో మాట కలిపాడు. నాలుగో రోజు సాంబారు పలచగా ఉందని నాకే కంప్లైంట్ చేశాడు. ఆదివారం వచ్చేసరికి కోడికూర కోసం ప్లేటు పట్టుకుని లైన్లో ముందు నిలబడ్డాడు. నవ్వొచ్చింది గానీ, ఆ నవ్వులోనే నాకు ఒక సంగతి అర్థమైంది. గేటు దగ్గర వణికిన కుర్రాడు ఇక ఎప్పటికీ అలా వణకడు. ఇది విని "చూశారా, కూడు బాగా పెడుతున్నారు కాబట్టే భయం పోయింది" అనకండి. నేనూ మొదటి పదేళ్లు అలాగే అనుకునేవాడిని, తిండి తగ్గించాలి, రెండు తగిలించాలి అని. కానీ అతని భయం కూర వల్ల పోలేదు, ఇంతేనా అని తెలిసిపోవడం వల్ల పోయింది. కొట్టినా అంతే, నాలుగు దెబ్బలకి ఒళ్లు అలవాటు పడుతుంది.

మీరు చెప్పిన బళ్ల కేసులాంటిదే ఒకటి చెబుతాను. ఒకడు వచ్చేటప్పుడు వాడికి తెలిసిందల్లా ఒకే కంపెనీ బండి, పాత మోడల్, దాని హ్యాండిల్ లాక్ కాలితో ఎలా తన్నాలో మాత్రమే. దొంగిలించిన బండి ఎక్కడ అమ్మాలో తెలియక సొంత మేనమామ ఊళ్లో పెట్టి దొరికిపోయాడు. అంత అమాయకుడు. రెండు నెలల తర్వాత బయటికి వెళ్లేటప్పటికి వాడికి ఒడిశాలో కాగితాల్లేని బళ్లు కొనే మనిషి పేరు తెలుసు, బండి మొత్తం అమ్మడం కంటే విడిభాగాలు చేసి అమ్మితే ఎంత వస్తుందో తెలుసు, ఏ లాయరు బెయిల్‌కి ఎంత తీసుకుంటాడో, ష్యూరిటీలు అద్దెకి ఎక్కడ దొరుకుతారో తెలుసు. ఇవన్నీ ఎవరో పనిగట్టుకుని నేర్పలేదు. సాయంత్రం ఆరింటికి లాకప్ చేస్తే తెల్లారేవరకు చేయడానికి ఏముంది, కబుర్లే కదా. వాడు మళ్లీ వచ్చాడు. ఈసారి పుట్టుమచ్చలు వాడే చూపించాడు.

భయం కంటే గట్టిగా పనిచేసేది ఒకటి ఉంది మన దగ్గర, అది పరువు. ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు, చెల్లెలికి సంబంధం ఎలా వస్తుంది అన్న మాట పల్లెటూళ్లో చాలామందిని ఆపుతుంది. గోడకి ఆ శక్తి సొంతంగా లేదు, మనం ఇస్తేనే వస్తుంది. ఎలా చెబుతున్నానంటే, మన సోంపేట దగ్గర బారువలో పుట్టిన స్వాతంత్ర్య సమరయోధుడు సర్దార్ గౌతు లచ్చన్నగారు ఎన్నిసార్లు జైలుకి వెళ్లారు? ఆ రోజుల్లో ఉప్పు సత్యాగ్రహంలో లోపలికి వెళ్లొస్తే ఊరు ఊరంతా దండలేసి తీసుకొచ్చేది. అదే ఇనుప గేటు, అదే జొన్నకూడు, అయినా ఎవరూ భయపడి ఆగలేదు. కాబట్టి జనం భయపడేది ఊచలకి కాదు, ఊచల వల్ల పోయే పేరుకి. ఆ పేరు ఒక్కసారే పోతుంది. మొదటిసారి పేపర్లో ఫొటో పడ్డాక, స్టేషన్లో సస్పెక్ట్ షీట్ తెరిచి అనుమానితుల లెక్కలో ఎక్కించాక, చుట్టుపక్కల ఏ బండి పోయినా ముందు వాడినే లాక్కెళుతుంటే, రెండోసారి పోగొట్టుకోవడానికి వాడి దగ్గర ఇంకేం మిగిలింది? మీ కుర్రాడు కాలు మీద కాలేసుకుంటున్నాడంటే ధైర్యం పెరిగిందని నేను అనుకోను. ఇక దాచుకోవడానికి ఏమీ లేదని తెలిసిపోయి ఉంటుంది.

హత్య కేసుల సంగతి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ శిక్ష గురించిన చర్చే దండగ. నేను చూసిన జీవిత ఖైదీల్లో కిరాయి హంతకుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావాళ్లంతా గట్టు తగాదా, తాగుడు, ఆడమనిషి మీద అనుమానం, అన్నదమ్ముల వాటా. ఒక ముసలాయన, తమ్ముణ్ని గొడ్డలితో కొట్టాడు, తర్వాత జైలు తోటలో వంకాయలు ఎంత బాగా పండించేవాడో చెప్పలేను. ఆయన్ని ఒకసారి అడిగాను, ఆ క్షణాన జైలు గుర్తు రాలేదా అని. "గొడ్డలి సేతిలో ఉన్నప్పుడు సెక్షన్లు గుర్తొత్తాయేటి బావు? మాతమ్ముడే గుర్తు రాలేదు" అన్నాడు. అలాంటివాడికి జీవిత ఖైదు పెట్టినా ఉరి పెట్టినా ఆ పొద్దు ఆగేవాడు కాదు. శిక్ష వెయ్యొద్దు అనడం లేదు, వెయ్యాలి. భయపెట్టడానికి అని మాత్రం అనుకోవద్దు.

ఇక గంజాయి. దీని దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే కఠిన శిక్ష పనిచేస్తుందా లేదా అని చూడాలంటే మన రెండు జిల్లాలను మించిన చోటు లేదు.

చట్టం ఎంత గట్టిదో ముందు చూడండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి 20 కిలోలు దాటితే దాన్ని వాణిజ్య పరిమాణం అంటారు, కనీసం పదేళ్లు, ఇరవై ఏళ్ల దాకా వెయ్యొచ్చు, లక్షకి తగ్గని జరిమానా. బెయిల్ దొరకడం మహా కష్టం, 37వ సెక్షన్ అడ్డం కూర్చుంటుంది. మామూలు కేసుల్లో 60 లేదా 90 రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిల్ హక్కుగా వస్తుంది, ఇందులో 180 రోజుల దాకా ఆపొచ్చు. దేశంలో ఇంతకంటే గట్టి మామూలు చట్టం ఇంకేం ఉంటుంది? మరి కోరాపుట్ నుంచి సుంకి ఘాట్ దిగి సాలూరు మీదుగా, అటు బొడ్డవర మీదుగా, ఇటు పలాస, ఇచ్ఛాపురం స్టేషన్లలో రైలెక్కి సరుకు పోవడం ఆగిందా? పేపర్లు మీరూ చదువుతున్నారు కదా.

ఎందుకు ఆగలేదో బ్యారక్‌లో పది నిమిషాలు కూర్చుంటే తెలిసిపోతుంది. సరుకు సొంతదారుడు అక్కడ ఉండడు. ఉండేది సంచి మోసినవాడు. వాడికి ట్రిప్పుకి ఐదు వేలో, పది వేలో ఇస్తామని ఉంటారు, చేతికి రెండు వేలు అడ్వాన్సు, రైలు టికెట్, తోడుగా ఒక చిన్న ఫోను. సంచిలో ఏముందో తెలుసా అంటే కొందరికి తెలుసు, కొందరికి తెలిసీ తెలియనట్టు ఉంటుంది. పట్టుబడితే పదేళ్లు అని తెలుసా అని నేను చాలామందిని అడిగాను. తెలుసు అన్నవాడు నాకు గుర్తులేడు. ఏజెన్సీ నుంచి వచ్చిన ఒక గిరిజన కుర్రాడు ఆరు నెలలో సంవత్సరమో ఉంటుంది అనుకున్నాడు, కోర్టులో పదేళ్లు అని వినపడ్డాక కూడా వాడికి అర్థం కాలేదు, మా రైటర్ కూర్చోబెట్టి వేళ్ల మీద లెక్క చెప్పాడు. తెలియని శిక్షకి ఎవరు భయపడతారు చెప్పండి? పేపరు చదివే మీకు, నాకు భయం వేస్తుంది. మనం సంచి మొయ్యం కదా.

శిక్ష గురించి కచ్చితంగా తెలిసినవాడు ఒకడున్నాడు, ముఠా నడిపేవాడు. వాడికి 20 కిలోల లెక్క లాయర్ల కంటే బాగా తెలుసు. అందుకే ఒక్కడి చేతిలో నలభై కిలోలు పెట్టకుండా, ఎనిమిది, పది చొప్పున నలుగురికి పంచుతాడు. అంటే చూడండి, కఠిన శిక్ష పనిచేయలేదని కూడా అనలేం, లెక్కలేసుకునేవాడి మీద అది పనిచేసింది. కాకపోతే దాని ఫలితం గంజాయి తగ్గడం కాలేదు, జైలుకి వచ్చే కూలీలు పెరగడం అయింది. ఒకడు లోపలికి పోతే వాడి స్థానంలో ఇంకొకడు, అదే రెండు వేలు అడ్వాన్సు. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో పోలీసులు ఏజెన్సీలో తోటలే నరికారు. వేళ్ల దగ్గర కొట్టడం కాబట్టి నా దృష్టిలో అది వంద మంది కూలీల్ని పట్టుకోవడం కంటే నయం. దాంతోపాటు ఆ పోడు భూమిలో కాఫీయో, ఇంకొకటో వేసుకుని బతికే దారి చూపిస్తేనే నిలుస్తుంది, లేకపోతే కొండ అవతల మొలుస్తుంది.

దీనికి పూర్తిగా ఎదురు కేసు మందు తాగి బండి నడపడం. శిక్ష చూస్తే చిన్నది, మొదటిసారి అయితే ఆరు నెలల దాకా జైలు లేదా పది వేల జరిమానా, లేదా రెండూ. చాలా సందర్భాల్లో జరిమానాతోనే పోతుంది, ఎప్పుడైనా మేజిస్ట్రేటు నాలుగైదు రోజులు జైలు వేస్తారు. కానీ అక్కడ జరిగే పద్ధతి చూడండి. రాత్రి జంక్షన్లో ఆపుతారు, గొట్టంలో ఊదిస్తారు, వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు దాటితే అంకె మీ ముందే కనిపిస్తుంది, సాక్షి అక్కర్లేదు, రెండు మూడు రోజుల్లో కోర్టు, అక్కడే తేలిపోతుంది. నా డ్యూటీలో ఒక కాంట్రాక్టరు ఐదు రోజులకి వచ్చాడు. బయట ఆయన పేరు చెబితే పనులవుతాయి. ఇంట్లో వాళ్లకి హైదరాబాద్ పని మీద వెళ్తున్నానని చెప్పి వచ్చాడట, మూడో రోజు భార్య ములాఖత్‌కి వచ్చేసరికి మొహం చూపించలేక బ్యారక్ లోంచి రానన్నాడు. తర్వాత నాకు రెండు మూడు పెళ్లిళ్లలో కనిపించాడు, ప్రతిసారీ ఆటోలోనే వచ్చాడు. అంత చిన్న శిక్ష అంత బాగా పనిచేయడానికి కారణం ఐదు రోజులు కాదు, వెంటనే పడటం, తప్పించుకునే సందు లేకపోవడం, పైగా ఆయనకి పోగొట్టుకోవడానికి పేరు ఉండటం.

విజయనగరం సిరిమానోత్సవం ఇంకో ఉదాహరణ. పైడితల్లి అమ్మవారి సిరిమాను తిరిగే మంగళవారం నాడు మూడు లాంతర్ల దగ్గర నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలదు, జేబుదొంగలకి అంతకంటే పండగ ఏముంటుంది, పక్క రాష్ట్రం నుంచి కూడా వస్తారు. గొలుసుల కేసులో లోపల ఉన్న ఒక పెద్దావిడ, పండగలు తిరగడమే ఆవిడ వృత్తి, నాతో మాటల్లో ఒకసారి అన్నది, "ఇజీనారం మానేసినాం బాబూ, మఫ్టీలో ఆడపోలీసులు మా పక్కనే నిలబడి కొబ్బరికాయలు కొడతన్నారు, ఎవరెవరో తెలుత్లేదు" అని. ఆవిడకి శిక్ష ఎన్ని నెలలో నోటికి వచ్చు, దానికి ఆవిడ భయపడలేదు. పక్కన నిలబడింది ఎవరో తెలియకపోవడానికి భయపడింది.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. 1764లోనే మిలాన్‌కి చెందిన బెకారియా అనే ఆయన ఈ మాటే చెప్పాడు, శిక్ష ఎంత క్రూరమైనది అన్నదాని కంటే అది తప్పకుండా పడుతుందా అన్నదే నేరాన్ని ఆపుతుందని. ఈ మధ్య కాలంలో అమెరికాలో డేనియల్ నాగిన్ అనే ప్రొఫెసరు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని 2013లో తేల్చింది కూడా దాదాపు అదే, పట్టుబడతామన్న నమ్మకం ఆపినంతగా శిక్ష పొడుగు ఆపదు అని. పోలీసులే లేకపోతే ఏమవుతుందో కెనడాలో మాంట్రియల్ నగరం ఒక్కరోజులో చూసింది. 1969 అక్టోబరు 7న అక్కడి పోలీసులు సమ్మెకి దిగారు. చట్టం మారలేదు, జైళ్లు అక్కడే ఉన్నాయి, ఒక్క శిక్షా తగ్గలేదు. అయినా సాయంత్రానికి బ్యాంకులు దోచుకున్నారు, షాపుల అద్దాలు పగలగొట్టి సరుకు ఎత్తుకుపోయారు, సైన్యాన్ని పిలవాల్సి వచ్చింది.

నా వాదనకి కాస్త అడ్డం వచ్చేది కూడా ఒకటి చెప్పాలి, లేకపోతే తూకం తప్పినట్టు ఉంటుంది. ఇటలీలో 2006లో జైళ్లు కిక్కిరిసిపోయి ఒకేసారి ఇరవై వేల మందికి పైగా ఖైదీల్ని వదిలేశారు, కానీ ఒక మెలిక పెట్టారు, ఐదేళ్లలోపు మళ్లీ నేరం చేస్తే పాత శిక్షలో మిగిలిన భాగం కూడా కొత్తదానికి కలుస్తుందని. ఒకడికి రెండు నెలలు మిగిలాయి, ఇంకొకడికి రెండేళ్లు. తర్వాత ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, నెత్తి మీద వేలాడే ప్రతి నెలకీ మళ్లీ నేరం చేయడం ఒక శాతం పైచిలుకు తగ్గింది. అంటే శిక్ష పొడుగుకి అసలు విలువ లేదనడం తప్పు. కానీ అదే లెక్కలో ఇంకోటి కూడా బయటపడింది, అప్పటికే ఎక్కువకాలం జైల్లో ఉండి వచ్చినవాళ్లమీద ఆ బెదిరింపు తక్కువ పనిచేసింది. అది చదివినప్పుడు నాకు ప్లేటు పట్టుకుని లైన్లో నిలబడ్డ కుర్రాడే కళ్లముందు మెదిలాడు.

గల్ఫ్ మాటకొస్తే, మా తోడల్లుడు సోంపేట వైపు నుంచి వెళ్లి సౌదీలో పదకొండేళ్లు చేశాడు. అక్కడ చెయ్యి నరుకుతారు కాబట్టే మనవాళ్లు బుద్ధిగా ఉంటారని ఊళ్లో అందరూ అంటుంటే, ఆయన్నే అడిగాను. నవ్వాడు. "మూడు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి వెళ్లినోడిని అన్నయ్యా, ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్) పోయి ఇంటికి పంపేస్తే ఆ అప్పు ఎవడు తీరుస్తాడు? నాకు కత్తి కాదు, విమానం అంటే భయం" అన్నాడు. ఇదే మనిషి ఇక్కడ సంతలో లైసెన్సు లేకుండా బండి నడుపుతాడు, చెప్పినా వినడు.

మన దగ్గర అసలు రోగం నేరానికీ శిక్షకీ మధ్య దూరం. 2022 చివరి నాటి జాతీయ నేర గణాంకాల ప్రకారం దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో 75.8 శాతం విచారణ ఖైదీలే, నలుగురిలో ముగ్గురన్నమాట. వాళ్లు చేశారో లేదో ఇంకా ఎవరూ తేల్చలేదు. ముందు జైలు, తర్వాత వాయిదాలు, నాలుగేళ్లకి తీర్పు. ఈలోగా పంచనామా మీద సంతకం పెట్టిన సాక్షులు అడ్డం తిరుగుతారు, ఫిర్యాదుదారు విసిగిపోయి రాజీకి వస్తాడు, లేదా నిందితుడు ఒప్పేసుకుంటే ఉన్న రిమాండ్ కాలమే శిక్ష అని ముగించేస్తారు. ఎద్దు చేలో పడితే అప్పుడే అదిలించాలి, కోతలయ్యాక కర్ర పట్టుకుంటే దానికి ఎందుకు కొడుతున్నావో తెలుస్తుందా? ఇంకో పక్క, అసలు దొరకనివాళ్ల సంగతి. నా హీరో హోండా 2004లో ఆర్టీసీ కాంప్లెక్స్ ముందు పోయింది. జైలు వార్డర్ బండి! స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చాను, లోపల ఉన్న బళ్ల దొంగల్ని కూడా పేరుపేరునా వాకబు చేశాను, పాపం వాళ్లూ జాలిపడ్డారు. ఈ రోజుకీ దొరకలేదు. ఆ దొంగ దృష్టిలో జైలు శిక్ష మూడేళ్లయినా ముప్పై ఏళ్లయినా ఒకటే.

అందరినీ వదిలేయమని మాత్రం అనడం లేదు. బయట ఉంటే ఇంకో ఇంటి మీద పడేవాళ్లు, చిన్నపిల్లల జోలికి పోయేవాళ్లు కొందరిని చూశాను, వాళ్లు లోపల ఉన్నన్నాళ్లు ఊరికి నిద్ర పడుతుంది. అలాంటివాడు మారతాడా, భయపడతాడా అన్నది అనవసరం, తలుపు మూసి ఉంటే చాలు. కానీ అలాంటివాళ్లు మొత్తం బ్యారక్‌లో గుప్పెడు మంది. మిగతావాళ్ల కోసం కూడా అదే తాళం వాడుతున్నాం.

ఆ తాళం ఎవరిమీద పడుతుందో చూడాలంటే ములాఖత్ రోజు రావాలి. పలాసలో జీడి పరిశ్రమలో పిక్కలు ఒలిచే ఒకామె, వేళ్లన్నీ జీడి నూనెకి నల్లగా కాలి ఉండేవి, రెండు బస్సులు మారి కొడుకుని చూడటానికి వచ్చేది. ఆ రోజు కూలి పోయినట్టే. బిస్కెట్ ప్యాకెట్లు, అరటిపళ్లు తనిఖీలో విప్పి చూస్తుంటే పక్కకి తిరిగి నిలబడేది, సిగ్గుతో. జాలీకి ఇవతల ఆమె ఏడుస్తుంటే అవతల కొడుకు బెయిల్‌కి డబ్బు ఇంకా తేలేదని కసురుకునేవాడు. శిక్ష అనుభవించింది ఎవరంటే నేను ఆమె పేరే చెబుతాను.

ఇప్పుడు మీ వీధి కుర్రాడు. వాడికి 19 అన్నారు. 1958 నాటి ప్రొబేషన్ చట్టంలో ఆరో సెక్షన్ ఒకటుంది, 21 ఏళ్లు నిండనివాడిని, జీవిత ఖైదు పడే నేరం కాకపోతే, ప్రొబేషన్ అధికారి రిపోర్టు తెప్పించుకుని చూడకుండా, కారణాలు రాయకుండా జైలుకి పంపకూడదు. మంచి నడవడికకి బాండు రాయించుకుని అధికారి కంటి కింద బయటే ఉంచొచ్చు. దీన్ని అడిగే లాయర్లు తక్కువ, వాళ్ల నాన్నకి చెప్పండి. లాయరుకి డబ్బు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా పెడుతుంది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. 2024 జులై నుంచి వచ్చిన కొత్త న్యాయ సంహితలో చిన్న దొంగతనాలకి సమాజ సేవ అనే శిక్ష కూడా ఉంది, కానీ అది ఐదు వేల లోపు సొత్తుకి, మొదటి తప్పుకి, సొత్తు తిరిగి ఇచ్చేసినవాడికి, బండి దొంగకి పనికిరాదు.

రెండో సంగతి, వాడు వాయిదాలకి వెళ్తున్నాడా లేదా కనుక్కోండి. ఎగ్గొడితే నాన్ బెయిలబుల్ వారెంటు వస్తుంది, మళ్లీ లోపలికి పోతాడు, ఈసారి పాత స్నేహితుల దగ్గరికి పోయినట్టే. టీ కొట్టు దగ్గర కూర్చున్నాడు అంటే పని లేదన్నమాట. బళ్ల లాకులు విప్పడం ఎలాగూ వచ్చు కదా, రాజాంలోనో చీపురుపల్లిలోనో మెకానిక్ షెడ్డువాడు ఎవరైనా పెట్టుకుంటాడేమో అడిగి చూడండి, నేను ఎగతాళికి అనడం లేదు, నా ఎరికలో ఇద్దరు అలాగే కుదురుకున్నారు. పెట్టుకునేవాడికి ముందే కేసు సంగతి చెప్పండి, దాచి పెట్టిస్తే మొదటి పానా కనపడకపోయిన రోజే గొడవ అవుతుంది.

మీ బండి గురించి అడిగారు కాబట్టి, డిస్క్ లాక్ ఒకటి వేయించుకోండి, నాలుగైదు వందలు ఉంటుంది. హ్యాండిల్ లాక్‌ని నమ్ముకోవద్దు. నేను నమ్ముకున్నాను.